మూత పెట్టి పది నిమిషాలు

ఏడేళ్ల కిందట, మార్చి నెల మొదటి సోమవారం, పొద్దున పదకొండుంబావు. ఆ వేళ నేనాడిన అబద్ధాన్ని ఇంకా మోస్తున్నాను. నాకిప్పుడు డెబ్బై రెండేళ్లు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పడం సులువనుకున్నాను. కాదు.

నాంపల్లిలో నాకు పాత సినిమా కెమెరాల దుకాణం ఉండేది. అమ్మేదాన్ని, కిరాయికీ ఇచ్చేదాన్ని. ఆ జనవరిలో కరుణ అనే మెదక్ అమ్మాయి ఒక డిజిటల్ కెమెరా కొన్నది. పెళ్లిళ్లు తీసేది. సొంతంగా సినిమా తీయాలని ఆశ. కొనే ముందు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పుస్తకాలను ఆ కెమెరాతో తీసి చూసుకోమన్నాను. చల్లటి గాలి, మంచి వెలుతురు. బొమ్మ అద్దంలా వచ్చింది.

ఆ కెమెరాకొక గుణం ఉంది. ఎండలు ముదిరితే, మసక వెలుతురులో దాని లోపల బొమ్మను పట్టే సెన్సర్ నీడల నిండా చుక్కలు, నిలువు గీతలు పుట్టిస్తుంది. మా పనిలో దాన్ని నాయిస్ అంటారు. మందు చిన్నదే. కెమెరాను నడిపి, వేడెక్కాక లెన్సుకు మూత పెట్టి, మెనూలో బ్లాక్ షేడింగ్ నొక్కి, పది నిమిషాలు వదిలేయాలి. చీకటంటే ఏమిటో సెన్సర్ మళ్లీ నేర్చుకుంటుంది. కిరాయికిచ్చే ముందు నేనే చేసేదాన్ని. అమ్మేటప్పుడు మాత్రం చెప్పలేదు. లోపమనుకుని వద్దంటుందేమోనని.

ఆ సోమవారం కరుణ వచ్చి ల్యాప్‌టాప్ నా బల్ల మీద తెరిచింది. ముందురోజు సాయంత్రం వాళ్ల నాన్న ఇంట్లో ఏడు కీర్తనలు పాడుతుంటే తీసిందట. ఆయన చర్చిలో పాడే మనిషి.

"జూడున్రి అమ్మా, మా నాయిన మొఖం మీద వాన పడ్తున్నట్టు లేదూ?" అని నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు. "ఈ గీతలేంది? కెమెరా ఏమన్న ఖరాబైందా?"

"కెమెరాకేం రోగం? గుడ్డి దీపం పెట్టి తీస్తే గిట్లనే వస్తది."

"లైట్లు పెడితే నాయిన పాడడమ్మా, సిగ్గుపడ్తడు. గురువారం గొంతు ఆపరేషనుంది. ఇగ పాడుడు కాదన్నరు దవాఖానల. రేపు మళ్ల తీస్తే మంచిగొస్తదా?"

మధ్యలో రెండు రోజులున్నాయి. పని పది నిమిషాలది. మాట నోటిదాకా వచ్చింది. కానీ చెబితే, అమ్మిన రోజే ఎందుకు చెప్పలేదని అడగదా?

"లైటింగు నీకు చాతకాదు బిడ్డా. ఊకె ఆయన్ను పరేషాన్ చేయకు."

"ఔనమ్మా. నాదే తప్పు," అంది.

ఆమె మళ్లీ తీయలేదు. ఏప్రిల్లో ఆ కెమెరాను నాకే తిరిగి అమ్మేసింది. ఆ సోమవారం మొహమాటపడకుండా నిజం చెప్పినందుకు నాకు కృతజ్ఞతలు కూడా చెప్పింది. మర్నాడే దానికి మూత పెట్టి, సరిచేసి, కిరాయికిచ్చాను. ఒక్క గీత లేదు.

నేను దొంగనా? పిరికిదాన్నా? దుకాణం పేరు కాపాడుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ఏ లెక్కలోనూ తేడా రానివ్వని మనిషినని పేరు తెచ్చుకున్న నేను, నా మనవరాలి వయసు పిల్ల ముందు తలవంచలేక, నా తప్పును ఆమె చేతుల్లో పెట్టి పంపించాను. ఆమె నంబరు నా దగ్గరుంది. బేగంబజార్లో ఒక టోకు దుకాణంలో బిల్లులు రాస్తోందని విన్నాను. కుదురుగా ఉన్న మనిషిని ఇప్పుడు కదిలించడం ఎందుకని ఊరుకున్నాను. ఇదీ సాకేనా? సాకే.

ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు. ఆయన గొంతు రికార్డులో ఉంది, దాన్ని పోయినవాటిలో కలపను. పోయినవి: ఏడు కీర్తనలు పాడుతున్న ఒక తండ్రి ముఖం. తన చేతి మీద కరుణకున్న నమ్మకం. ఆమె తీయవలసిన సినిమా.

నావి ఏవీ పోలేదు.