హైదరాబాద్‌లో గట్టిపడని జెల్

2019 జనవరి. నల్లగొండ పట్టణం బయట ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో, కెమిస్ట్రీ విభాగంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. కాంట్రాక్టు ఉద్యోగం. నకిరేకల్ నుంచి రోజూ బస్సులో వచ్చి తొమ్మిదింటికి తాళం తీసేవాణ్ణి. మా బృందంలో ప్రొఫెసర్ సార్, నలుగురు పరిశోధక విద్యార్థులు, నేను. గాజు సామాను కడగడం, ద్రావణాలు కలపడం, నీళ్లు పట్టి పెట్టడం నా పని. నీళ్లు పట్టడం కూడా ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ అప్పట్లో అలాగే అనిపించేది.

మా వాళ్లు చేసేది ఇదీ. పాలిమర్ అంటే చిన్న చిన్న ముక్కలు వరసగా అతుక్కుని ఏర్పడిన పొడవాటి గొలుసు. పెప్టైడ్ కూడా గొలుసే, కాకపోతే పొట్టిది. మన ఒంట్లోని ప్రొటీన్లు ఏ ముక్కలతో తయారవుతాయో ఇదీ వాటితోనే తయారవుతుంది. ఈ రెండిటినీ నీళ్లలో కలిపి, జున్నులా నిలబడే పదార్థం చేయాలి. దాన్ని హైడ్రోజెల్ అంటారు. పుండు మీద వేస్తే తడి ఆరకుండా కాపాడుతుందని, పుండు తొందరగా మానుతుందని ఆశ. గట్టిపడిందో లేదో చూడటం చాలా తేలిక. వయల్ అనే వేలెడంత గాజు సీసాలో కలిపి, కాసేపు ఆగి తలకిందులు చేస్తారు. జారకపోతే అది జెల్. జారితే పని మళ్లీ మొదటికొచ్చినట్టే.

మంజుల వయల్ మూడేళ్లుగా జారుతూనే ఉంది. ఆ అమ్మాయిది కొల్లాపూర్ దగ్గర పల్లె, గొర్రెలు కాసే కుటుంబం. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెల ఒంటి మీద పడే గాట్లు, వాటిలో పట్టే పురుగులు చూస్తూ పెరిగింది. వాళ్ల బాపు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేవాడట: "బిడ్డా, నీ మందు అయ్యిందా? గొర్లు సూస్తున్నయ్ నీ కోసం." ఆమె నవ్వుతూనే చెప్పేది, ఫోన్ పెట్టేశాక మళ్లీ వయల్ అందుకునేది.

ఆ జనవరిలోనే మా డిస్టిలేషన్ యూనిట్ మొరాయించింది. నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి శుభ్రమైన నీళ్లు పట్టే యంత్రం అది. మా బోరు నీళ్ల సంగతి తెలిసిందే, తాగాలంటేనే జనం భయపడతారు. యంత్రంలో నీటిని మరిగించే కాయిల్‌కు సున్నంలా తెల్లటి పొర పెచ్చులు పెచ్చులుగా పట్టేసింది. రోజుకు పది లీటర్లు రావలసింది రెండు లీటర్లు కూడా రావడం లేదు. కొత్త కాయిల్ కావాలని ఆఫీసులో కాగితం ఇచ్చాను. అది ఏ బల్ల మీద నిద్రపోయిందో తెలియదు. ఇక్కడ నలుగురూ నా ప్రాణం తీస్తున్నారు, అన్నా నీళ్లు, అన్నా నీళ్లు అని. ఒకరోజు విసిగిపోయి, సగం డబ్బా డిస్టిల్డ్ నీళ్లు, సగం వడపోసిన బోరు నీళ్లు పోసేశాను. కాయిల్ వచ్చేదాకా సర్దుకుంటే సరిపోతుందిలే అనుకుని, ఆ తరువాత కూడా అలాగే కలుపుతూ వచ్చాను. డబ్బా మీద 'డిస్టిల్డ్' అనే కాగితం అలాగే ఉంది.

ఫిబ్రవరిలో ఒకరోజు మంజుల కేక వేసింది. వయల్ తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉంది. జెల్ జారలేదు. పది నిమిషాలైంది, అరగంటైంది, అయినా జారలేదు. సార్ వచ్చి చూశారు. నేను కిందికి పరిగెత్తి అందరికీ సమోసాలు తెచ్చాను. ఆ రోజు నాకంటే సంతోషించినవాడు ఇంకొకడు లేడు. నీళ్ల సంగతి తలలోకే రాలేదు.

మార్చిలో వ్యాసం రాసి పత్రికకు పంపారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద పరిశోధన సంస్థలో సార్‌కు తెలిసిన శాస్త్రవేత్త ఉన్నారు. వాళ్లు కూడా ఒకసారి చేసి చూస్తే మంచిదని, తాము వాడిన పాలిమర్, పెప్టైడ్ పొడి పొట్లం కట్టి ఆమెకు పంపారు. ఏప్రిల్ చివర్లో ఆమె దగ్గరి నుంచి మెయిల్ వచ్చింది. ఆరుసార్లు చేశాం, ఒక్కసారి కూడా గట్టిపడలేదు, మీ రికార్డులు మళ్లీ చూసుకోండి అని.

సార్ అందరినీ పిలిచి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. పొడి అదే, కొలతలు అవే, వేడి అదే. "తేడా అల్లా నీళ్లే. వాళ్ల నీళ్లు మన నీళ్లకన్న శుభ్రం. గందుకని గట్టిపడకుండా పోతదా?" అన్నారు. ఆ మాట వినగానే నేను కలిపిన బోరు నీళ్లు గుర్తొచ్చాయి.

మంజుల నా వైపు తిరిగింది. "అన్నా, మన నీళ్లు మంచియే కదా?"

"డిస్టిల్డే అమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ల తరువాత కూడా గొప్ప కారణమేమీ చెప్పలేను. జూన్‌లో నా కాంట్రాక్టు మళ్లీ రాయాలి. భయం. అంతే.

హైదరాబాద్ వెళ్లి వాళ్ల ముందే చేసి చూపించమని సార్ మంజులకు చెప్పారు. అందుకు ఎనిమిది రోజుల గడువు దొరికింది. ఆ ఎనిమిది రోజులు ఆమె ఎలా గడిపిందో నా కళ్లారా చూశాను. టిఫిన్ డబ్బా తెచ్చిన డబ్బా తెచ్చినట్టే తీసుకెళ్లేది. మిగతా విద్యార్థులు ఆమె లోపలికి రాగానే మాటలు ఆపేసేవారు. ఒక మధ్యాహ్నం సింకు దగ్గర గ్లాసులు కడుగుతుంటే నా పక్కకు వచ్చి నిలబడింది.

"అన్నా, నేను దొంగ లెక్కలు రాసిన్నని అంటున్నరంట. నువ్వు సూసినవ్ కదా, గట్టిపడ్డది కదా?"

"సూసిన బిడ్డా. నా కండ్లతోని సూసిన."

"మరి గట్లెట్లయితది? నాకే నా మీద అనుమానమొస్తాంది. బాపుకు ఏమని చెప్పాలె?"

చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఎవరో లోపలికి వచ్చారు. వచ్చినందుకు నేను సంతోషించాను, అది కూడా దాచుకోను.

ప్రయాణం రోజు ఐస్ పెట్టె మోయడానికి నన్ను తోడు పంపారు. బయలుదేరే ముందు మంజుల అడిగింది, "సార్, మన నీళ్లు గూడ తీస్కపోవాల్నా?" అక్కరలేదు, వాళ్ల దగ్గర ఇంకా మంచివి ఉంటాయన్నారు సార్. వాళ్లిద్దరూ వరండాలో మాట్లాడుకుంటుండగా నేను వెనక్కి వెళ్లి, ఆ డబ్బాలో నుంచి ఒక సీసా నింపి నా సంచిలో వేసుకున్నాను. చెబుతానో లేదో అప్పటికీ తేల్చుకోలేదు. బస్సులో రెండున్నర గంటలూ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంజుల కిటికీ వైపు తిరిగి కొలతలు గొణుక్కుంటూనే ఉంది.

అక్కడి ల్యాబ్ చల్లగా, తళతళలాడుతూ ఉంది. శాస్త్రవేత్త మేడం మర్యాదగానే మాట్లాడారు. మంజుల వాళ్ల నీళ్లతో కలిపింది. పది నిమిషాలు ఆగి వయల్ తిప్పింది. జారింది. మళ్లీ కలిపింది. జారింది. మూడోసారి తిప్పుతున్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంది.

"పర్వాలేదమ్మా, ఒక్కోసారి మనకు కావలసిందే కనిపిస్తుంది" అన్నారు మేడం. తిట్టినా అంత బాధ ఉండేది కాదేమో. మంజుల తల దించుకుని వయళ్లు పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

సంచిలో నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. "మేడం, జర గీ నీళ్లతోని ఒక్కసారి చెయ్యనియ్యుండ్రి."

మంజుల నా వైపు చూసింది. సీసా అందుకుంది. కలిపింది. పది నిమిషాలు ఆగాం. తరువాత ఆమె వయల్ తిప్పింది. జెల్ పైనే ఉండిపోయింది, అంటించినట్టు.

"ఏం నీళ్లివి?" అన్నారు మేడం.

"సగం బోరు నీళ్లు మేడం. నేనే కలిపిన. ఆ పిల్లకు ఎర్కలేదు. ఆమె రాసినయి దొంగ లెక్కలు గావు, తప్పు నాది."

మేడం కోప్పడలేదు. సీసా ఎత్తి వెలుతురులో చూశారు. మీ నీళ్లలో కాల్షియం ఎక్కువ, అది ఈ గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తోంది, మూడేళ్లుగా మీకు కావలసింది ఇదేనేమో అన్నారు. శుభ్రమైన నీళ్లలో కాల్షియం ఉండదు కాబట్టే అక్కడ గట్టిపడలేదట. ఎంత కాల్షియానికి ఎంత గట్టిపడుతుందో మొదటి నుంచి కొలిచి రమ్మన్నారు.

తిరుగు బస్సు చౌటుప్పల్ దాటింది. అప్పుడు మంజుల అడిగింది. "ఎప్పటి సంది ఎర్క నీకు?"

"మెయిల్ వచ్చిన దినం నుంచి."

"నీళ్లు కలిపినందుకు నాకు బాధ లేదన్నా. గది ఎవలైనా చేస్తరు. ఎనిమిది దినాలు నన్ను సూసుకుంట ఊకున్నవ్ సూడు, గదే." అంతే అంది. మళ్లీ కిటికీ వైపు తిరిగింది. నేను ఏడ్చాను. ఆమె చూడలేదు, చూసినా చూడనట్టే ఉంది.

పత్రిక నుంచి వ్యాసం వెనక్కి తీసుకున్నారు. పని అంతా మళ్లీ చేయడానికి ఆమెకు ఇంకో ఏడాది పట్టింది. సార్ నన్ను గదిలోకి పిలిచి పావుగంట తిట్టారు, జూన్‌లో మాత్రం నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. మంజుల నాతో పని మాటలు తప్ప మాట్లాడేది కాదు. కొత్త కాయిల్ వచ్చిన రోజు ఒక మార్కర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏం నీళ్లో, ఏ దినం పట్టినవో రాయి. కింద నీ పేరు గూడ రాయి."

ఆమె వైవా రోజు, అంటే పరీక్షకుల ముందు తన పరిశోధనను నిలబెట్టుకునే రోజు, నేను చివరి వరసలో కూర్చున్నాను. పరీక్షకుడు అడిగారు, కాల్షియం సంగతి మీకెలా తట్టింది అని. తనకే తట్టిందని చెప్పుకున్నా కాదనేవాళ్లు లేరు. జరిగింది జరిగినట్టు చెప్పినా నాకు అనడానికేమీ లేదు.

"మా ల్యాబ్ టెక్నీషియన్ యాదగిరి అన్న చెప్పాడు సార్" అంది. ఎప్పుడు చెప్పాడో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ఆమె పాలమూరులో పాఠాలు చెబుతోంది. నేను అదే ల్యాబ్‌లో ఉన్నాను, డబ్బాల మీద పేరు రాస్తున్నాను. ఇన్నేళ్లలో నా వల్ల ఇంకా తప్పులు జరిగాయి, జరగకుండా ఎలా ఉంటాయి. జరిగిన ప్రతిసారీ చేతులు తుడుచుకోకుండానే వెళ్లి చెప్పేస్తాను. కొత్తగా వచ్చిన పిల్లలు, ఇంత చిన్నదానికి అంత పరుగెందుకన్నా అని నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు అన్నం తినకుండా టిఫిన్ డబ్బా వెనక్కి తీసుకెళ్లడం నేను ఇంకోసారి చూడలేను.