మా ఇంటి పేకాట మాటలు

పోకరు అనే ఆట పేరు నేను మొదట విన్నది కోంటాలో, మా అత్తగారింటి పక్క క్వార్టర్లో దిగిన అడవి రేంజరు భార్య నోట. అప్పటికింకా బస్తరు రాజ్యమే. ఏరు దాటితే వేరే సర్కారు, ఇవతల రాజుగారి సర్కారు. నాది భద్రాచలం పక్క. పెళ్ళయి ఏరు దాటి వచ్చేనాటికి నాకు ఒక్క తెలుగే వచ్చు. కోంటాలో పొద్దున లేస్తే మూడు భాషలు కావాలి. దుకాణానికి వచ్చే అడవిపల్లెల దోర్లవాళ్ళతో దోర్లి, తహసీలు జవానుతో హిందీ, ఇంట్లో తెలుగు.

మా మామయ్య ఉప్పు, బట్టలు, పొగాకు అమ్మి చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు కొనేవాడు. మంచి మనిషే గాని మాట పొదుపు. బేరంలో ఆయన ముఖం చూసి ఏమీ కనిపెట్టలేరని సంతల్లో చెప్పుకునేవారు. సరుకు నచ్చినా అదే ముఖం, నచ్చకపోయినా అదే ముఖం. ఇంట్లో ఆయన పెట్టిన కట్టడి ఒక్కటే, పేక ముట్టుకోగూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకసారి పండక్కి వచ్చిన చుట్టాలు వసారాలో ముక్కలు పరిస్తే, ఏమీ అనకుండా చాప చుట్టి ముక్కలతో సహా చింతపండు గదిలో పడేశాడట.

రేంజరు వాళ్ళు పక్కకు దిగిన ఏడు ఎండాకాలం, చింతపండు తూకాలు ముమ్మరంగా ఉన్నప్పుడు, మామయ్య తక్కెడ దగ్గరే కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. భద్రాచలం నుంచి వైద్యుడిని పిలిపించాం. పావురం నెత్తుటితో మర్దన చేయించాం, తైలాలు రాయించాం. కాలు కొంచెం కదిలింది. మాట మాత్రం రాలేదు. "ఊ" అనేవాడు, అంతే. ఆకలికీ ఊ, కోపానికీ ఊ. మనం అన్నది అర్థమవుతుందో లేదో కూడా తెలిసేది కాదు.

దుకాణం మా ఆయన మీద పడింది. ఆయన సంతల వెంట తిరిగేవాడు. వానలు పట్టాక దారులు మూసుకుపోయి, ఎర్రబోరు సంత దాకా వెళ్ళినా వాగులు తగ్గేదాకా అక్కడే ఉండిపోయేవాడు. ఇంట్లో నేనూ అత్తమ్మా మిగిలాం, వసారాలో మంచం మీద మామయ్య. అత్తమ్మ ఆ మంచం వదిలి వాకిట్లోకి కూడా వెళ్ళేది కాదు. తిండి తగ్గించింది. నాతో మాటా తగ్గించింది. ఇద్దరిలో ఎవరికి జబ్బు అని నాకు అనుమానం వచ్చేది.

రేంజరు బాయి అప్పుడే వచ్చింది. నాకంటే కొంచెం పెద్దది, పిల్లల్లేరు. రేంజరు అడవి తనిఖీకి దౌరా పోతే పక్షాలకు పక్షాలు తిరిగి రాడు. బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీలో పుట్టి పెరిగిందట. వచ్చిన కొత్తలో నిప్పు కోసం మా ఇంటికి వచ్చి, నిప్పు తీసుకున్నాక కూడా కూర్చునేది. నాలుగు తెలుగు మాటలు నేర్చుకుని ఆడమగా కలిపేసేది. "మామయ్య లేచిందా?" అని అడిగేది. అత్తమ్మ ముఖం మీద నవ్వులాంటిది నేను చూసింది ఆ మాటకే.

ఒక మధ్యాహ్నం వాన పడుతుండగా కొంగు చాటు నుంచి పేక తీసింది. అంచులు నలిగిపోయిన, దొరలు ఆడే పేక.

"అమ్మాజీ, ఆడదాం" అంది.

అత్తమ్మ మంచం వైపు చూసింది. "వద్దమ్మా. ఆయనకు పేకంటే పడదు."

"ఆయన ఏం అంటది? ఏం అనదు గదా."

అత్తమ్మ ఆమెను తేరిపార చూసి, "అవును, ఏం అనడు. అనలేడు" అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత చాప తెచ్చి తనే పరిచింది. "తిడ్తే తిట్టనియ్యి. ఆ తిట్టన్నా వింటా."

పోకరు ఆమెకు రైల్వే కాలనీలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ గార్డు భార్య నేర్పిందట. తలా అయిదు ముక్కలు. మొదట ప్రతివాళ్ళూ నడిమికి ఒక పందెం వెయ్యాలి. మా ఇంట్లో అయితే చింతగింజ, గది నిండా అవే. పనికిరాని ముక్కలు పడేసి కొత్తవి తీసుకోవచ్చు. ఆ తర్వాత ఎవరి ముక్కలు గొప్పవని పందెం పెంచుకుంటూ పోవడమే. పెంచలేనివాళ్ళు ముక్కలు దించాలి. చివరికి మిగిలినవాళ్ళు చూపించాలి.

ఆట తొందరగానే పట్టుబడింది. పేర్లే నోటికి ఎక్కలేదు. బాయి ఇంగ్లీషులో చెప్పి, దాన్ని హిందీలో విప్పి, చివరికి చేతులతో చూపేది. అత్తమ్మ నాలుగు రోజులు ఓపిక పట్టి, "ఈ దొరల మాటలు మనకెందుకు, నేను పెడ్త పేర్లు" అంది.

ఒకే రకం ముక్కలు రెండు వస్తే జత. అది సరే. మూడు వస్తే పొయ్యి, మూడు రాళ్ళుంటేనే గదా పొయ్యి నిలబడేది! నాలుగు వస్తే మంచం, దానికి నాలుగు కోళ్ళు గదా. అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తే బండ్ల వరస. అయిదూ ఇస్పేటో, అయిదూ ఆఠీనో అయితే ఒక్క తానులో గుడ్డ అనేది, బట్టల దుకాణం మనిషి కదా. మూడు ఒక రకం, రెండు ఒక రకం వచ్చినదాన్ని బాయి ఫుల్ హౌస్ అని, ఇల్లు అంతా నిండిపోవడం అని చేతులు చాపి చూపింది.

"పొయ్యి ఉంది, జత ఉంది. మొగుడూ పెండ్లాం ఉన్నరు, పొయ్యి వెలుగుతాంది. ఇంకేం కావాలె?" అని అత్తమ్మ దానికి నిండిల్లు అని పేరు పెట్టింది.

ముక్కలు దించేసి తప్పుకోవడం మూత పెట్టడం. ముందున్న గింజలన్నీ నడిమికి తోసెయ్యడం గంప దించడం. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచి అవతలివాళ్ళను బెదరగొట్టడాన్ని బాయి బ్లఫ్ అంది. అదేమిటో అత్తమ్మకు రెండు మూడు సార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఫక్కున నవ్వింది. "ఓ, ఉత్తకుండ! ఇంట్ల గింజ లేకున్నా, పక్కింటోళ్ళు చూస్తరని ఉత్త కుండ పొయ్యి మీద పెడ్తరు చూడు, అదే గదా?"

"ఉట్టకుండ" అని బాయి నేర్చుకుంది.

అట్లా ఆ శ్రావణమంతా మధ్యాహ్నం వంటపని అయ్యాక చాప పరిచేవాళ్ళం. అత్తమ్మ మళ్ళీ అన్నం కలుపుకుని తినసాగింది. మామయ్య మంచం గోడ వైపు ఉండేది. గాలి రావడం లేదని బాయి, నేనూ చెరో వైపు పట్టి దాన్ని వసారా నడుమకు తిప్పాం. ఆయన మా వైపు చూసేవాడు. వాన చూసినట్టే మమ్మల్నీ చూస్తున్నాడనుకున్నాం.

ఒక రోజు నాకు అయిదు ముక్కలూ అయిదు దిక్కులు. మూడు మార్చాను. ఇంకా అన్యాయం. అయినా ఎందుకో మొండితనం వచ్చి పందెం పెంచాను. బాయి నా ముఖం చూసి మూత పెట్టేసింది. అత్తమ్మ పెంచింది. నేను గంప దించాను. అత్తమ్మ ముక్కలు దగ్గరికి తీసుకుని చూసుకుంది, మళ్ళీ చూసుకుంది.

"నీకు పొయ్యి పడ్డదే పిల్లా. నాది ఉత్త రాణుల జత. మూత పెడ్త" అంది.

"ఉ...త్త" అని వినబడింది.

బాయి అన్నదనుకున్నాను. బాయి నేనన్నాననుకుంది. అత్తమ్మ ఒక్కతే వెనక్కి తిరిగింది. మామయ్య ఎడమ చెయ్యి మంచం పట్టె మీద ఆనించి, మెడ ఎత్తి నన్నే చూస్తున్నాడు. మూతి వంకరపోతుండగా మళ్ళీ బలవంతాన తోశాడు ఆ మాటను.

"ఉత్త... కుండ."

అత్తమ్మ చేతిలో ముక్కలు చాప మీద పడ్డాయి. "ఏందయ్యా? ఏందన్నవు? మళ్ళ అను" అని మంచం దగ్గరికి మోకాళ్ళ మీదే పోయింది. ఆయన మళ్ళీ అనలేదు. ఎడమ చేతి వేలు నా ముక్కలకేసి చూపించాడు. నేను వెల్లకిలా తిప్పాను. ఏమీ లేని ముక్కలు అవి. ఆయన కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతులోంచి నవ్వు వస్తోంది. రెండూ ఒక్కసారే. బాయి లేచి వానలోకి పోయి ఎవరికో చెప్పబోయి, ఎవరూ కనబడక తడిసి తిరిగి వచ్చింది.

ఆ రోజు నుంచి మంచం చాపను ఆనుకుని పడింది. ముక్కలు పట్టుకోవడానికి వెదురు దబ్బ చీల్చి సందు పెట్టి ఇచ్చాను. ఎడమ చేత్తో తీసి వేసేవాడు. జత అన్నాడు. పొయ్యి అన్నాడు. మంచం అనడానికి చాలా రోజులు పట్టింది. ఒకనాడు "పొయ్యి" అన్నాడు గాని చేతిలో పొయ్యి లేదు. అత్తమ్మ వంటింటి వైపు చూసింది. పాలు పొంగుతున్నాయి. ఆట మాట ఇంటి మాట అయింది అప్పుడే. తర్వాత నీళ్ళు, దుప్పటి, కొడుకు. వాక్యం రాలేదు. ఒక్కో మాటా మూట మోసినట్టు మోసుకొచ్చేవాడు.

నా ఉత్తకుండ ఎట్లా తెలిసిందని అడిగాను.

"ముక్కు... పుల్ల" అన్నాడు.

చేతిలో ఏమీ లేనప్పుడు నేను ముక్కుపుల్ల తడుముకుంటానట. అట్లాంటి గురుతును ఏమంటారని బాయిని అడిగితే ఇంగ్లీషు పేరు గుర్తు రాక, "ఇషారా" అంది. మా ఆటలో అది ఇషారాగానే ఉండిపోయింది. అందరి ఇషారాలూ మామయ్యకు తెలుసు. అత్తమ్మకు మంచి ముక్కలు వస్తే కాలి మట్టెలు సర్దుకుంటుంది. బాయి అయితే పాట అందుకుంటుంది. ఆయనది ఏమిటో మేం పట్టలేకపోయాం. సగం ముఖం జారిపోయినా, ఆ మిగిలిన సగం కూడా ఏమీ చెప్పేది కాదు.

పేక ఎందుకు వద్దన్నాడో కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. అత్తమ్మే అడిగింది, ఏమీ తోచక అడిగినట్టు.

"ఇంత బాగ ఆడ్తవు గదా, మాకెందుకు వద్దన్నవు?"

ఎడమ చేత్తో వెదురు దబ్బను పక్కకు జరిపాడు. తర్వాత, "అన్న" అన్నాడు.

ఆయనకో అన్న ఉన్నాడని నాకు అసలు తెలియదు. అత్తమ్మకు తెలుసు గాని పేరెత్తకూడదని తెలుసు. వయసులో ఉండగా అన్నదమ్ములిద్దరూ ఉప్పు బండ్లు తోలుకొచ్చేవారట. మజిలీలో మూడు ముక్కలాట ఆడేవారు. ఒకసారి తమ్ముడు వరసగా గెలుస్తుంటే, ముక్క దాచావని అన్న బండ్లవాళ్ళందరి ముందూ అన్నాడు. దాచలేదని తమ్ముడు ఒట్టు పెట్టుకున్నాడు. అన్న నమ్మలేదు. పొద్దున్నే తన బండి కట్టుకుని వేరే దారి పట్టాడు. దూరాన మద్దేడ్ అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. పెళ్ళిళ్ళకు గాని చావులకు గాని రాకపోకలు లేవు. ఇదంతా మామయ్య నోట వచ్చింది నాలుగే మాటలుగా. అన్న. ముక్క. దాచలే. మద్దేడ్. మిగతాది అత్తమ్మ ఒక్కొక్కటే అడిగి నింపింది, ఆయన తలాడించాడు.

మా ఆయన సంత నుంచి రాగానే అత్తమ్మ, "దసరా దాటి బాటలు ఆరినంక మద్దేడ్ పోయి మీ పెదనాయిన్ని తోల్కరా. రానంటే, మీ తమ్మునికి మాట పోయింది, నిన్ను పిలవనీకి మాటలు కూడబెడ్తున్నడని చెప్పు" అంది.

పెదమామయ్య వచ్చాడు. బండి దిగి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మామయ్య కంటే సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ముక్కు మాత్రం అచ్చు అదే. బాయి ఆ రోజు రాలేదు, ఇంటివాళ్ళ మధ్య తానెందుకని. నేను కాళ్ళకు నీళ్ళిచ్చాను. ఆయన మంచం పక్కన కూర్చుని తమ్ముడి పడిపోయిన చేతిని తీసి తన ఒడిలో పెట్టుకున్నాడు.

"నువ్వు దాచలేదురా. అది నాకు ఆ పొద్దే తెలుసు, బండి కట్టేటప్పుడే. తిరిగి రానీకి సిగ్గు అడ్డం పడ్డది" అన్నాడు పెదమామయ్య.

మామయ్య పెదవులు కదిలాయి. మాట దొరకలేదు. అత్తమ్మ వైపు చూశాడు. ఏం కావాలో ఆమెకు అర్థమై, బాయి మా ఇంట్లోనే ఉంచిన పేక తెచ్చి మంచం మీద పెట్టింది. మామయ్య ఎడమ చేత్తో దాన్ని అన్న ముందుకు తోసి, "కొయ్యి" అన్నాడు.

ఆయన పేకను రెండు భాగాలుగా కోశాడు. నేను పంచాను. మూడేసి ముక్కలు, వాళ్ళ పాత ఆటే. నిజానికి ఇద్దరిలో ఒక్కరూ సరిగ్గా ఆడలేదు. పెదమామయ్యకు చూపు ఆనక ఆఠీనును డైమను అనుకున్నాడు. మామయ్య గెలిచే ముక్కలున్నా మూత పెట్టాడు. నేను వెనకనుంచి చూశాను గనక తెలుసు.

పెదమామయ్య కార్తీక పున్నమి దాకా ఉన్నాడు. వెళ్ళేటప్పుడు తన మనవరాలి పెళ్ళికి తప్పకుండా రావాలని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆ పెళ్ళికి మామయ్యను బండిలో పరుపు వేసి తీసుకెళ్ళాం. మరుసటి చింతపండు కాలానికి ఆయన కర్ర ఊతంతో దుకాణంలో కూర్చునేదాకా వచ్చాడు. తెలుగు కంటే దోర్లి తొందరగా తిరిగి వచ్చింది ఆయనకు. ఎందుకో వైద్యుడికీ తెలియలేదు. సరుకు తెచ్చిన దోర్లవాళ్ళతో పొట్టి పొట్టి మాటల్లో బేరం చేసేవాడు.

రేంజరుకు దంతెవాడకు బదిలీ అయ్యింది. వెళ్ళే రోజు బాయి అత్తమ్మను పట్టుకుని ఏడ్చింది. "మామయ్య బాగుంది, నువ్వు కూడా బాగుండాలి" అంది. ఆడమగా తేడా చివరిదాకా నేర్చుకోలేదు. పేక మాత్రం తన వెంటే తీసుకుపోయింది. అత్తమ్మ ఆ వారమే జగదల్‌పూర్ పోయే బండివాడికి చెప్పి కొత్తది తెప్పించింది. దాని ముక్కలు జారిపోతున్నాయని, చేతికి రావడం లేదని చాలా రోజులు సణిగింది.