మూడో మీట

సాతానుకు ఎన్ని పనులుంటాయో తెలియదు గానీ, మైకన్న లెక్క ప్రకారం వాడికి మైకన్నను వేధించడం తప్ప వేరే వ్యాపకం లేదు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు ఆయనది. చర్చిలో మైకులు చూసుకుంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. కరెంటు పోతే సాతాను పెట్టిన శోధన. టంకం కడ్డీ వేలికి చురుక్కుమంటే శోధన. బాగుచేసిచ్చిన ఫ్యాను మర్నాడే కిర్రుమంటూ తిరిగొస్తే అది మహా శోధన. "సాతానా, వెనక్కి పో!" అని ఆయన కేకేస్తే, ఎదురుగా నిలబడ్డ గిరాకీ ఒకడుగు వెనక్కి వేసేవాడు.

"ఫ్యానులో సాతాను లేడండీ. మీరు నూనె వెయ్యలేదు," అనేది భార్య. చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది.

అసలు శోధన ఆదివారం ఉదయం, చర్చి వెనక వరుసలో, మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ పెట్టె ముందు ఉండేది. దాన్ని మాత్రం ఆయన ఒక్కసారీ ఆ పేరు పెట్టి పిలవలేదు.

పదహారేళ్ళు ఆరాధనలో మొదటి పాట ఆయనదే. పైస్థాయిలో గొంతు చీలడం మొదలయ్యాక పాస్టరుగారు మెత్తగా, "అన్నా, మైకుల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అని వెనక్కి పంపారు. ఆ పాట మైకన్న బావమరిదికి ఇచ్చారు. బయటివాడైతే సరిపెట్టుకునేవాడేమో. తన కళ్ళముందు పెరిగిన బావమరిది, తను నేర్పిన పాటల్నే తనకంటే బాగా పాడుతుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? మండుతుంది. మండిందని ఒప్పుకుంటే పోయేది. ఒప్పుకోకుండా మూడో మీట మీద వేలు పెట్టాడు.

ఆ మీట బావమరిది మైకుది. మొదటి వారం వెంట్రుకవాసి కిందికి జరిపాడు. కీబోర్డు కూడా వినిపించాలి కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. తర్వాతి వారం ఇంకాస్త. పాడేవాళ్ళ ముందుండే చిన్న స్పీకరు కూడా ఆ మీటతోనే తగ్గుతుంది. దాంతో బావమరిదికి తన గొంతు తనకే వినబడలేదు. వినబడక అరిచాడు. అరిచి అరిచి పాట ముగిసేసరికి నిజంగానే బొంగురుపోయేవాడు.

ఇలా పదకొండు వారాలు గడిచాయి. ఒక బుధవారం సాయంత్రం ప్రార్థన కూటంలో బావమరిది లేచి నిలబడ్డాడు.

"డాక్టరు ఏమీ లేదన్నాడు. అయినా గొంతు రావట్లేదు. దేవుడిచ్చింది దేవుడే తీసేసుకుంటున్నాడేమో. ఈ ఆదివారం నుంచి నేను పాడనండీ."

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పాస్టరుగారికి ఇంకెవరూ దొరకనట్టు, "మైకన్నా, మీ బావమరిది గొంతు కోసం మీరే ప్రార్థన చెయ్యండి," అన్నారు.

మైకన్న లేచాడు. కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ బిడ్డ గొంతును అణగదొక్కుతున్న సాతాను క్రియలను..." అని అలవాటుకొద్దీ మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ క్రియలు ఎవరి వేలితో జరిగాయో ఆ గదిలో ఒక్కడికే తెలుసు. ఇన్నాళ్ళూ ఫ్యాన్లలో, ఫ్యూజుల్లో వెతికిన సాతాను ఇప్పుడు దొరికాడు. ఎంతసేపటికీ ఆమెన్ రాకపోయేసరికి వెనకనుంచి ఎవరో దగ్గారు.

"ప్రార్థన వద్దండీ," అన్నాడు మైకన్న కళ్ళు తెరిచి. "వాడి గొంతు బాగానే ఉంది. మీట నేనే తగ్గించాను."

"ఏ మీట?" అన్నారు పాస్టరుగారు.

"మూడోది. పదకొండు వారాల నుంచి. కావాలనే. వాడు నాకంటే బాగా పాడుతున్నాడని."

భార్య తల పట్టుకుంది. "క్షమించరా," అని మైకన్న అనబోతే బావమరిది చెయ్యెత్తి ఆపాడు.

"పదకొండు వారాలు దేవుడితో పోట్లాడాను బావా. నేనేం పాపం చేశానో చెప్పమని ఏడ్చాను. నన్ను క్షమాపణ అడగడం తర్వాత. ముందు ఆయన్ని అడుగు. నువ్వు చేసిందానికి నిందంతా ఆయన మీదేశాను."

"ఇక నేను మిక్సర్ దగ్గరికి రానండీ. ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోండి," అన్నాడు మైకన్న.

"పారిపోతావా?" బావమరిది అరుపు వీధిలోకి వినబడింది. "నువ్వే కూర్చుంటావు. నేను పాడతాను."

ఆదివారం మైకన్న కూర్చున్నాడు. మీటను ఉండాల్సిన చోటికి తోశాడు. పాట మొదలై హాలంతా నిండింది. వెధవ, ఎంత బాగా పాడుతున్నాడో! కడుపులో మంట ఎక్కడికీ పోలేదు. నలుగురిలో ఒప్పుకుంటే అదే చల్లారుతుందనుకున్న మనిషికి ఒళ్ళు మండిపోయింది. కుడిచెయ్యి మెల్లగా మీటవైపు కదిలింది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో అదిమిపెట్టి, "ప్రభువా, ఇది సాతాను కాదు, నేనే," అన్నాడు. పాటలో ఇంకా రెండు చరణాలున్నాయి.