మొలకెత్తని పిండి

మా వీధిలో అందరూ ఆవిడని మొలకల పిన్ని అంటారు. పసిపిల్లల్ని చూసుకునే బడిలో ఆయాగా చేసేది. బడి మూతపడ్డాక సొంత వంటగదిలోనే పసిపిల్లల జావపిండి చేసి అమ్మడం మొదలుపెట్టింది. రాగులు, పెసలు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసురుతుంది. ఎప్పుడు చూసినా కొంగు మీద పిండి, ముక్కు మీద పిండి. "నన్ను దులిపితే ఓ బిడ్డకు పూట గడిచిపోతుంది" అని తనే నవ్వేది.

మా పాపకు పాలతోపాటు జావ పట్టే వేళకు ఆవిడ దగ్గరికే వెళ్లాను. నేను నీళ్ల పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. అనుమానం నా వృత్తిరోగం. మొలకలు ఎందుకని అడిగాను.

"మొలకల పిండైతే జావ జారుగా ఉంటుంది, బిడ్డ గుటుక్కున మింగుతుంది. మిగతాది నీ పుస్తకాల్లో వెతుక్కో, సైన్సు బాబూ!"

వెతికాను. మొలకెత్తే గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విరగ్గొడతాయి. అందుకే పిండి ఎక్కువ వేసినా జావ గట్టిపడదు. చిన్న పొట్టలోకి ఎక్కువ బలం వెళ్తుంది. నా గుండె కుదుటపడింది. పక్కింటి చెల్లెమ్మ కూడా నా మాట మీదే వాళ్ల బాబుకి ఆ పిండి మొదలుపెట్టింది.

వానలు పట్టాక జావ ముద్దకట్టసాగింది. నీళ్లు పోసి పలచన చేసేవాణ్ణి. గిన్నె నిండేది గానీ పాప బరువు పెరగలేదు. డాక్టరమ్మ తూకం చూసి పెదవి విరిచింది. పాపను ఎత్తుకుని వెళ్లి పిన్నితో చెప్పుకున్నాను. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. ఆవిడ పాప బుగ్గ నిమిరి, "పళ్లొచ్చే వేళ అలాగే ఉంటారు, కంగారుపడకు" అంది.

కొన్నాళ్లు ఆ మాటతో సరిపెట్టుకున్నాను. తర్వాత మనసొప్పక, చిక్కటి బియ్యప్పిండి జావ కాచి, వేడి కాస్త తగ్గాక రెండు గిన్నెల్లో పోశాను. ఒకదాంట్లో వానలకు ముందు కొన్న డబ్బా అడుగున మిగిలిన పాత పిండి, రెండోదాంట్లో కొత్తది కలిపాను. పాత పిండి వేసిన జావ కాసేపటికే నీరుగా జారింది. రెండో గిన్నెలో చెంచా నిటారుగా నిలబడింది.

పాపను చంకనేసుకుని వెళ్లాను. పిన్ని గుమ్మంలో గింజలు చెరుగుతోంది.

"పిన్నీ, నువ్విచ్చేది మొలకల పిండేనా?"

"కాకపోతే మట్టా?"

"నిజం చెప్పు."

చాట పక్కన పెట్టింది. "ఈ ముసురుకి మొలకలన్నీ బూజు పట్టాయి. అవన్నీ పారబోసి, ఉత్త గింజలే వేయించి విసిరా. అవీ రాగులేగా? విషం పెట్టానా?"

"లేవని చెప్పొచ్చుగా?"

"లేవంటే ఇంకోచోటు చూసుకుంటారు. మళ్లీ నా గడప ఎవరు తొక్కుతారు?"

"పాప చిక్కిపోతోందని నీ ముందే ఏడ్చానే. అప్పుడైనా నోరు రాలేదా?"

ఆవిడ మళ్లీ చాట అందుకుంది. బూజు గింజలు కలపలేదు, నిజమే. ఆ మాత్రం జాలి ఉన్న మనిషే, అంతా తెలిసీ నా ముఖం చూస్తూ పళ్ల సాకు చెప్పింది. నమ్మించి గొంతు కోయడమంటే కత్తి ఉండాలనుకునేవాణ్ణి.

వెనుదిరిగాను.

"సైన్సు బాబూ..." గొంతు తగ్గించి పిలిచింది. తప్పయిందంటుందేమోనని ఆగాను.

"ఈ సంగతి మన మధ్యే ఉంచు. ఎండ రాగానే మళ్లీ మొలకలే వేస్తాగా."

పాప ఎప్పట్లాగే ఆవిడ వైపు చేతులు చాపింది. గట్టిగా హత్తుకుని, మా ఇల్లు దాటి పక్కింటి మెట్లెక్కాను.

"చెల్లెమ్మా, బాబుకి జావ పెట్టేశావా?"