ముదీర్ సైకిలు కప్పు ఎటు తిప్పాలి?

2020లో విమానాలు ఆగిపోయినప్పుడు మా ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, పారిస్‌లో ఇరుక్కుపోయాడు. ఆయన సైకిలు ఇక్కడ ఎడారి దేశంలో, కరామా పేటలోని నా గదిలో ఇరుక్కుపోయింది. సెలవు మీద వెళ్తూ, "తుడువు. నూనె వెయ్యి. ఎక్కకు," అని మూడు ముక్కల్లో చెప్పి అప్పగించాడు.

అది వాళ్ళ నాన్న ఒంటి కొలతలిచ్చి, సూటు కుట్టించుకున్నట్టు చేయించుకున్న సైకిలు. గొట్టాలు కలిసేచోట అతుకుల అంచుల్ని ఆకురాయితో అరగదీసి తమలపాకు కొసంత పల్చన చేశారు. మడ్‌గార్డుల నిండా చిన్న చిన్న సుత్తి దెబ్బలు, మా అమ్మమ్మ రాగి బిందె మీద ఉన్నట్టే. తుడుస్తున్నంతసేపూ ఊపిరి పీల్చేవాణ్ణి కాదు, ఆవిరి తగిలి తుప్పు పడుతుందేమోనని.

ఎక్కకుండా ఉండటం మానవమాత్రుడి వల్ల అవుతుందా? శుక్రవారాలు పొద్దున్నే ఎక్కేవాణ్ణి. తీరా ఆయన తిరిగొచ్చే వారం, పెడల్ తొక్కినప్పుడల్లా కింద "టిక్కు" మొదలైంది. నా చెవికది పిడుగు. ఉద్యోగం, వీసా, రెండూ చెయ్యూపుతూ ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళిపోతున్నట్టు కనిపించాయి.

నా గదిలోనే ఉండే జగిత్యాల తమ్ముడు ఇక్కడ ఏసీలు బాగుచేస్తాడు. ఊళ్ళో పదేళ్ళు సైకిలు షాపు నడిపినవాడు.

"గింతదానికి చెమటలేంది అన్నా? లోపల బాల్స్ ఎండినయ్. కుడిదిక్కు కప్పు ఇప్పుదాం."

కప్పంటే పెడళ్ళ ఇరుసును ఫ్రేములో పట్టి ఉంచే ఉక్కు ముక్క. మన సైకిళ్ళలో కుడి కప్పుకి మరలు తిరగేసి ఉంటాయి. ఊడాలంటే కుడికే తిప్పాలి. అది వాడి చేతులకు నిద్రలో కూడా తెలుసు. క్రాంకు, అంటే పెడల్ బిగించే కాడ, తీసి కప్పుని కుడికి తిప్పాడు. కదల్లేదు. స్పానరుకి నీళ్ళ పైపు తొడిగి, దాని మీద వేలాడాడు.

"టక్!"

కరామా మొత్తం విన్నదనుకున్నాను.

"ఫ్రేము పగిలిందారా?"

"సప్పుడైతే అయింది గని, ఏడ అయిందో సమజైతలేదన్నా." వాడి మొహం కూడా పాలిపోయింది.

ఆయన వచ్చి చూసేదాకా ఆగే గుండె నాకు లేదు. ముదీర్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఎక్కిన సంగతి తప్ప అన్నీ చెప్పాను.

"ఎటు తిప్పారు?"

"కుడికి సార్."

"పాత ఫ్రెంచి సైకిలుకి రెండు వైపులా మరలు ఒకటే, మామూలువే. మీరు విప్పలేదు, బిగించారు. క్రాంకు పెట్టి, పెడల్ మీద నొక్కి విను."

నొక్కాను. టిక్కు లేదు. వదులైన కప్పు బిగిసి కూర్చుందట. ఆ "టక్" అదేనట. కళ్ళనీళ్ళు తిరిగాయి.

"కానీ సైకిలు తొక్కితేనే ఆ కప్పు వదులవుతుంది," అన్నాడాయన నెమ్మదిగా.

ఏసీ పదహారులో ఉన్నా నా చొక్కా పిండితే బకెట్టు నిండేది.

"శుక్రవారాలు మాత్రమే సార్."

"నేనెప్పుడూ ఎక్కలేదు. ఏమన్నా అవుతుందని భయం. ఎలా నడుస్తుంది?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

ఆ గొంతుకి నా నోరు జారింది. "చేతులు వదిలేసినా గీత గీసినట్టు పోతుంది సార్!"

"చేతులు వదిలేశావా?"

తమ్ముడు స్పానరు నేల మీద పెట్టేశాడు. "ఇగ ఖలాస్ అన్నా."