రోడ్డవతల ఉండిపోయిన పిన్నులు

ఆసుపత్రి మంచాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ లిస్టు మేడమ్ అనేవారు. మేడ మీద గదిలో కూర్చుని, ఏ మంచానికి ఏ సామాను ఎన్ని కావాలో కంప్యూటర్లో ఎక్కించడం ఆవిడ పని. ఒక్కో మంచానికి రెండువందల పన్నెండు రకాల సామాన్లు. అందులో ఒక నట్టు రాయడం మర్చిపోతే దాన్ని ఎవరూ కొనరు, స్టోర్సులో ఎవరూ ఇవ్వరు. పదకొండేళ్ళుగా ఆవిడ ఏదీ మర్చిపోలేదు. అందుకే అలాంటి మనిషి ఒకరున్నారని కూడా చాలామందికి గుర్తుండేది కాదు.

ఒక సోమవారం పొద్దున్న మేనేజరు టీ కప్పుతోనే ఆ గదిలోకి వచ్చాడు.

"మంచానికి తల వైపు పైకి లేచే భాగం ఉంది కదమ్మా, అది లిస్టులో ఒకే అసెంబ్లీగా, అంటే ఒకే సెట్టుగా ఉంది. వచ్చే నెల నుంచి దాని ఫ్రేము రోడ్డవతల కొత్త షెడ్డులో వెల్డింగ్ చేస్తారు. మోటారు ఇక్కడే బిగిస్తారు. దాన్ని రెండు చేసెయ్యండి."

"ఏ సామాను ఎటు వెళ్ళాలో ఒకసారి కిందికెళ్ళి చూసొస్తానండీ."

"చూడ్డానికేముందమ్మా? విడగొట్టే బటన్ ఉందిగా. అందుకేగా అంత పెద్ద సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది."

ఆవిడ డ్రాయింగు ముందేసుకుని కూర్చుంది. ఫ్రేము బొమ్మలో ఉన్నవన్నీ ఫ్రేము వైపు, మోటారు బొమ్మలో ఉన్నవన్నీ మోటారు వైపు పెట్టి బటన్ నొక్కింది. రెండు కొత్త అసెంబ్లీలు పుట్టాయి. తెర మీద ఆకుపచ్చ గుర్తు కూడా వచ్చింది.

కొత్త పద్ధతి మొదలైన రోజు పదిన్నరకల్లా కింది నుంచి మేస్త్రి ఫోన్ చేశాడు. ఆయన ఫిట్టింగు విభాగానికి పెద్ద. వయసులో పెద్దవాడు కాబట్టి ఆవిడ బాబాయ్ అనేది.

"అమ్మా, ఫ్రేములొచ్చాయి, మోటార్లొచ్చాయి. రెంటినీ కలిపే పిన్నులే రాలేదు. పద్నాలుగు మంచాలు చాప పరిచినట్టు పడున్నాయి."

పిన్నులు డ్రాయింగులో ఫ్రేముకే ఉన్నాయి కాబట్టి రోడ్డవతలకు వెళ్ళిపోయాయి. మోటారు చేతిని ఫ్రేములోకి దూర్చాక గానీ పిన్ను దిగదని ఆ బొమ్మ గీసినవాళ్ళు ఎక్కడా రాయలేదు. అవతల షెడ్డువాళ్ళు అవి ఎందుకొచ్చాయో అర్థంకాక ఓ మూల పెట్టేశారు. స్టోర్సు గుమాస్తాను అడిగితే తల కూడా ఎత్తలేదు.

"నా లిస్టులో పిన్నుల్లేవు మేడమ్. లిస్టులో లేనిది నేనెలా ఇస్తాను? ఆ లిస్టు రాసిందెవరో వాళ్ళనే అడగండి."

రాసింది తనే. ఆవిడ పళ్ళు నూరుకుంటూ మేడెక్కి పిన్నుల్ని మోటారు వైపుకు మార్చబోయింది. ఆ మంచాల ఆర్డరు నడుస్తోంది, మార్చడం కుదరదంది కంప్యూటరు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి ఇరవై నిమిషాలు సంగీతం విన్నాక ఒకావిడ లైన్లోకి వచ్చింది.

"ఆ ఆర్డరు పూర్తిచేసి మూసేస్తే మార్చుకోవచ్చు మేడమ్."

"మంచాలు తయారైతేగా పూర్తయ్యేది. పిన్నులుంటేగా మంచాలు తయారయ్యేది."

"అవును మేడమ్. ఆర్డరు మూసేశాక మార్చుకోవచ్చు."

ఆ సాయంత్రం ఇంట్లో బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్తకు ఇదంతా అరగంట సేపు చెప్పింది. ఆయన వింటూ వింటూ కునుకు తీశాడు. పక్క కుర్చీలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు మాత్రం అంతా విని ఒకే మాట అంది.

"ఆ పిన్నులేవో నువ్వే వెళ్ళి చేత్తో తెచ్చి ఇచ్చెయ్యకూడదుటే?"

"అలా కుదరదత్తయ్యా, దానికో పద్ధతుంటుంది" అని విసుక్కుంది. మర్నాడు పొద్దున్నే మేస్త్రిని వెంటబెట్టుకుని రోడ్డు దాటింది. అక్కడి సూపర్వైజరు చీటీ లేకుండా ఇవ్వనన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి చీటీ రాసి, తనే సంతకం పెట్టి, ఇరవై ఎనిమిది పిన్నులు లెక్కపెట్టి తన టిఫిను డబ్బాలో పోసుకొచ్చింది. మధ్యాహ్నానికి మంచాలన్నీ తల ఎత్తాయి. అత్తగారి సలహాయే పనికొచ్చిందని మాత్రం ఇంట్లో చెప్పలేదు.

ఆర్డరు మూసేశాక ఆవిడ బటన్ జోలికి పోలేదు. ఒక పాత దుప్పటి పరిపించి, దాని మీద మేస్త్రి చేత ఒక మంచం తల భాగాన్ని మొత్తం విప్పించింది. ఏది ముందు, ఏది తర్వాత, ఏ చేత్తో పట్టుకుంటారు అని అడిగి అడిగి రాసుకుంది. అన్నీ విప్పేశాక లిస్టులో ఒకటి ఎక్కువ తేలింది.

"ఇక్కడో రబ్బరు వాషర్ ఉండాలే. ఏది బాబాయ్?"

"అదా? దాన్ని పెడితే మోటారు కీచుమంటుందమ్మా. మొదట్నుంచీ తీసి పారేస్తున్నాం."

"మొదట్నుంచీ అంటే?"

"నువ్వు చేరకముందు నుంచీ."

ఆవిడ లిస్టులో ఆ వరుసను మళ్ళీ చూసుకుంది. పదకొండేళ్ళుగా ఒక్కటి కూడా తగ్గకుండా తెప్పించిన వాషర్లవి.

"ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్."

"నువ్వెప్పుడైనా అడిగితేగా" అన్నాడాయన, తప్పంతా ఆవిడదే అయినట్టు. సగం తనదేనని ఆవిడకూ తెలుసు. మేడ దిగడానికి పద్దెనిమిది మెట్లే.

అదే భాగం మరో ఎనిమిది రకాల మంచాల్లోనూ ఉంది. ఒక్కొక్కదాన్నీ దుప్పటి మీద విప్పి చూశాకే కంప్యూటర్లో రెండు చేసింది. మూడు వారాలు పట్టింది. ఇంత ఆలస్యమెందుకని మేనేజరు నలుగురిలో అడిగితే, ఆ మూడు వారాల్లో పారేయనీకుండా ఏరి పక్కన పెట్టిన, ఎవరూ వాడని వాషర్ల డబ్బాను ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆ తర్వాత ఆయన ఓ కొత్త నియమం పెట్టాడు. ఇకమీదట ఏ లిస్టయినా మేస్త్రి సంతకం లేకుండా బయటికి పోకూడదు.

మంచిదే అనుకుంది ఆవిడ. కానీ మొదటి లిస్టునే మేస్త్రి తిప్పి పంపాడు. వెళ్ళి అడిగితే ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇందులో ఉన్న పేర్లు మాకెవరికీ తెలీవమ్మా. పివట్ పిన్ను అంటే ఏంటి? మేం పుల్ల అంటాం. ఈ బ్రాకెట్టును గాడిద చెవి అంటాం. తెలీని దానికి సంతకం ఎలా పెట్టను?"

ఆవిడ నెత్తి కొట్టుకుంది. మళ్ళీ మేడెక్కి, పేరు పక్కన ఇంకో గడి చేర్చి, పుల్ల, గాడిద చెవి, కప్ప మూత అంటూ ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టింది. నలభైమూడోదాని దగ్గర గడిలో అక్షరాలకు చోటు చాల్లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి, సంగీతం వింటూ కూర్చుంది.