బడి బానలో పిడికిలి

నేను చదివిన బడి నంద్యాలలో కన్యాస్త్రీలు నడిపే చిన్న బడి. అయిదో తరగతి దాకా ఉండేది. అక్కడ నేర్చుకున్న ఎక్కాలూ పద్యాలూ చాలావరకు మరిచిపోయాను గానీ, వరండా మూలన ఉండిన మట్టి బాన మాత్రం ఇప్పటికీ నన్ను తికమక పెడుతూనే ఉంది. దాని గురించి ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెబుతానని మా ఇంట్లో వాళ్లు నన్ను ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. అర్థం కానిదాన్ని అర్థమైనట్టు చెప్పడం నాకు చేతకాదు.

ఆ బాన ఏడాదంతా బోర్లించి ఉండేది. ఈస్టరు పండుగకు ముందు వచ్చే తపస్సు కాలంలో దాన్ని కడిగి నిలబెట్టేవాళ్లు. మా సిస్టరమ్మ మాకు పద్ధతి చెప్పింది. ఇంట్లో వంటకు గింజలు కొలిచేటప్పుడు, ఎసట్లో పోసే ముందే అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. మరునాడు దాన్ని బడికి తెచ్చి, పిడికిలి మూసే ఉంచి బానలోకి చెయ్యి దించి, లోపలే విప్పాలి. ఏం తెచ్చామో, ఎంత తెచ్చామో ఎవరూ ఎవరినీ అడగకూడదు, చూడకూడదు. మేము వరసలో వస్తుంటే సిస్టరమ్మ కూడా మాకు వీపు చూపించి, వాకిట్లోని వేపచెట్టు వైపు తిరిగి నిలబడేది. వారం చివర ఆ గింజలు బడి పిల్లల ఇళ్లలోనే జబ్బో కష్టమో వచ్చిన ఇంటికి పోయేవి. ఏ ఇంటికో చెప్పేవాళ్లు కాదు.

మా ఇంట్లో ఈ సంగతి ముందు మా జేజికి చెప్పాను. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఆమె పుట్టింది అహోబిలంలో. పుట్టింటి వాళ్లు స్వామికి పూలమాలలు కట్టేవాళ్లు. నాయన బండి తోలే పని కోసమని ఆళ్లగడ్డ దగ్గరి పల్లె విడిచి నంద్యాలకు వచ్చినా, జేజి చేతులు మాత్రం పూలు కట్టడం మానలేదు. ఆ బడి ఆమెకు ఇష్టం లేదు. ఇంటికి దగ్గరని ఊరుకుంది, అంతే.

"ఆ గింజలు ఎవురు తింటారు?" అని అడిగింది.

"తెలీదు జేజీ."

"ఎవురు తింటారో తెలీకుండా ఎట్ల పెడతాండారు?"

  అమ్మ మాత్రం ఏమీ అడగకుండా రోజూ పొద్దున కొర్రబియ్యం ఒక పిడికెడు నా చేతిలో పోసేది. నేను వీధిలో ఆ పిడికిలిని ముందుకు చాచి, ఊరేగింపులో పోతున్నట్టు నడిచేదాన్ని.

అవి యుద్ధం రోజులు. అంగడిలో అన్నీ ప్రియంగా ఉండేవి. నాయన ఎద్దులబండి తోలి నల్లమల నుంచి వెదుర్లు తెచ్చేవాడు. ఆ తపస్సు కాలం మధ్యలో ఒకరోజు బండి వచ్చింది గానీ దాన్ని తోలుతున్న మనిషి లేడు. నాయన వెదుర్ల మీద వెల్లకిలా పడి వణుకుతున్నాడు. ఎద్దులే దారి పట్టుకుని ఇల్లు చేర్చాయి. అడవి జ్వరం. రోజు విడిచి రోజు చలి వచ్చేది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక కొట్టుకునేవి.

జేజి ఆ సాయంత్రమే ముడుపు కట్టింది. శిరివెళ్లలో కాలువ కింద పండిన సన్నబియ్యం ఆమె చెల్లెలు ఎప్పుడో పంపితే, పండుగకని దాచి పెట్టుకుంది. వాటిని తడి పసుపుగుడ్డలో మూట కట్టి చిలక్కొయ్యకు తగిలించింది. కొడుక్కి నయమైతే ఆ మూట నెత్తిన పెట్టుకుని అహోబిలం దాకా నడిచి వస్తానని స్వామికి మొక్కుకుంది.

బండి కదలకపోతే మా ఇంట్లో పొయ్యి కూడా వెలగదు. గింజల కుండ అడుగంటింది. ఒకరోజు పొద్దున అమ్మ కుండలో చెయ్యి పెట్టి గీరి, చేతికి ఏమీ రాక, నా వైపు చూడకుండానే అన్నది.

"ఈ పొద్దుకు ఊరికే పిడికిలి మూసుకోని పో. లోపల ఇప్పేసి రా. ఎవురికీ కనపడదు."

నాకు ఒళ్లు మండింది. అదేం పని? గింజలు తేలేదని చెప్పేస్తే పోయేదానికి ఉత్త చేతిని దాచుకుని పోవడమెందుకు? ఇంకో పక్క భయం. సిస్టరమ్మ వెనక్కి తిరిగి నిలబడినా, ఆమె చెప్పే దేవుడు వెనక్కి తిరగడు కదా. అమ్మ మాట వినాలా, బడి మాట వినాలా అని దారి పొడవునా కొట్టుకున్నాను. చివరికి అమ్మ చెప్పినట్టే చేశాను. బాన లోపల వేళ్లు విప్పితే చల్లని గాలి తగిలింది. సిస్టరమ్మ వీపు కదలలేదు.

ఆ వారం చివర, దీపాలు పెట్టే వేళకు, సిస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. చంకలో ఒక గోనెసంచి. ఆమెది గుంటూరు వైపు. అందరినీ అండీ అండీ అనేది. మా ఇంట్లో వాళ్లను అంతవరకు ఎవరూ అండీ అని ఎరగరు. నాయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, చలిజ్వరానికి వేసే కొయినా మందు పొట్లాలు అమ్మకు ఇచ్చింది. తర్వాత సంచి గడప లోపల పెట్టింది.

"ఇవి పిల్లలు తెచ్చినవండీ. మీరు వండుకోండి."

జేజి లేచి నిలబడింది. "మా ఇంట్లో లేదని ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదండీ. జబ్బు ఉన్న ఇంటికి తీసుకురావడం మా బడి పద్ధతి."

సిస్టరమ్మ వెళ్లిపోయాక జేజి నన్ను నిలదీసింది. నేను చెప్పలేదు మొర్రో అంటే నమ్మదు. నేను నిజంగానే చెప్పలేదు. మరి ఆమెకు ఎలా తెలిసింది? వీధిలో బండి కదలడం లేదని చూసిందా? నా ఉత్త చెయ్యి చూసిందా? ఆమె వేపచెట్టునే చూస్తూ ఉంది కదా. ఆ రాత్రి అన్నీ కలిపి ఆలోచిస్తే బుర్ర తిరిగిపోయింది.

అమ్మ సంచి విప్పింది. లోపల కొర్రలు, జొన్నలు, సజ్జలు, ముతకబియ్యం అన్నీ కలగాపులగం. ఒకటి ఉడికే లోపల ఇంకొకటి మెత్తబడిపోతుంది. వేరు చేసే ఓపిక లేక అమ్మ అంతా కలిపి ఇసుర్రాయిలో వేసి విసిరి అంబలి కాచింది. నాయనకు తాగించింది, నాకు పోసింది, తను తాగింది. జేజి మాత్రం ముట్టలేదు.

"ఏయే ఇండ్ల చేతులు పడినాయో ఏమో. మీరు తాగండి. నాకొద్దు."

"అత్తా, ఇంత తాగు. పూలు కడతాండావు, కండ్లు తిరుగుతాయి."

"తిరిగితే తిరగనీ."

ఆ పూట నుంచి అంతే. జేజి ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకుని నీళ్లు తాగేది. ఆమె కట్టిన మాలలు కొనే ఇంటి వాళ్లు ఎప్పుడైనా మజ్జిగ పోస్తే తాగేది. మాల కడుతూ కడుతూ గోడకు ఒరిగిపోయేది. నాయన మంచంలో, జేజి గోడ దగ్గర. జేజి చచ్చిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. భయంతోపాటు కోపం కూడా. ఇంత మొండి మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మనసులో తిట్టుకునేదాన్ని.

సంచి వచ్చాక బడి తెరిచిన మొదటి రోజే అమ్మ ఆ గింజల్లోంచి ఒక పిడికెడు తీసి నా చేతిలో పోసింది.

"ఇవి ఆడ నుంచే వచ్చినాయి గదా మా. మళ్లా ఆడికే తీసకపోతే ఏమొస్తాది?"

"ఏమన్నా రానీ. పెట్టి రా పో."

వరసలో నిలబడ్డాను. నా ముందు ఉన్నది నా పక్కన కూర్చునే పిల్ల. వాళ్లు ఊరి బయటి పేటలో ఉండేవాళ్లు. వాళ్ల నాయన మిల్లులో పత్తి మూటలు మోసేవాడు. ఆ పేట వాళ్లు పోసిన నీళ్లు కూడా మా జేజి తాగదు. ఆ పిల్ల బానలోకి చెయ్యి దించింది. వేళ్లు విప్పినట్టు మోచెయ్యి కదిలింది. గింజల చప్పుడు రాలేదు.

తర్వాత నేను విప్పాను. గలగల మన్నాయి. అప్పటిదాకా నేను చప్పుడు సంగతే ఆలోచించలేదు. పక్కకు పోయి నిలబడి చెవులు పెట్టి విన్నాను. నా వెనక పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొన్ని చేతులకు చప్పుడు వచ్చింది. చాలా చేతులకు రాలేదు. అందరూ పిడికిళ్లు మాత్రం గట్టిగా బిగించుకునే వచ్చారు. సిస్టరమ్మ వేపచెట్టును చూస్తూనే ఉంది. ఆమెకు చెవులు లేవా?

సాయంత్రం ఇంటికి పోయి చెప్పేశాను. చూడకూడదన్నారు గానీ వినకూడదని ఎవరూ అనలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

జేజి పూలు కట్టడం ఆపింది. "ఉత్త చేతులా? ఎవురెవురివి?"

"చెప్పకూడదు జేజీ."

"చెప్పొద్దులే." సగం కట్టిన మాల ఒళ్లో పెట్టుకుని మళ్లీ అడిగింది. "బానలో అన్నీ ఉత్త చేతులే అయితే, మనింటికొచ్చిన సంచి ఎవురి నోటికాడిది?"

 నాయన మంచంలోంచి మూలిగాడు.

మరునాడు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే జేజి గోడ పట్టుకుని లేచింది. చిలక్కొయ్య మీది ముడుపు దించి మూట విప్పింది. అమ్మ పరుగెత్తుకుని వచ్చింది.

"అత్తా, ఏం చేస్తాండావు? అది స్వామిది. నీ కొడుక్కు ఇంకా జరం దిగలేదు."

"స్వామి యాడికి పోతాడు? కొండలో కూచోనే ఉంటాడు. ఆకలైతే ఆయనే అడుగుతాడులే." జేజి నా చెయ్యి లాక్కుని సన్నబియ్యం పోసింది. "ఒకరి నోటికాడిది తిని ఊరకుండేది మా ఇంటా వంటా లేదు."

పసుపుగుడ్డలో ఉండి ఉండి ఆ బియ్యం కూడా పసుపెక్కాయి. నాకు మళ్లీ తికమక. అహోబిలం స్వామికి మొక్కిన బియ్యం సిస్టరమ్మ దేవుడి బానలో పోయొచ్చా? ఇద్దరికీ కోపం వస్తే నాయన గతేం కాను? కానీ నోటికి వచ్చిన ప్రశ్న వేరు.

"ఇది తిరిగి మనింటికే వస్తే, జేజీ?"

"వస్తే తింటా. నాదే గదా."

వారమంతా ఆ ముడుపులోంచి తీసి నా పిడికిట్లో పోస్తూనే ఉంది. నా అరచెయ్యి పసుపయ్యేది. లంగాకు తుడుచుకుని వరసలో నిలబడేదాన్ని. జేజి తినాలంటే ఆ బియ్యం మా ఇంటికే రావాలి. వేరే వాళ్ల గింజల్ని ఆమె ముట్టదు. అందుకని నేను ఇద్దరు దేవుళ్లకూ మొక్కాను, సంచి మా ఇంటికే పంపమని. ఇంకొకరి కష్టం తీరకూడదని మొక్కినట్టే అవుతుందని అప్పుడు తట్టలేదు.

సంచి రాలేదు. వారం చివర సాయంత్రం గడపలో కూర్చుని చీకటి పడేదాకా చూశాను.  జేజి బెల్లం ముక్క నోట్లో వేసుకుని పడుకుంది.

తర్వాతి వారం మొదటి రోజు మధ్యాహ్నం నా పక్కన కూర్చునే పిల్ల పాత పైటకొంగు ముక్కలో కట్టిన మూట విప్పింది. వాళ్ల నాయన కాలు విరిగి మంచంలో ఉన్నాడని అప్పుడే చెప్పింది. మూటలో వేయించిన గింజలు. కొర్రలు, జొన్న పేలాలు, బియ్యం. ఆ బియ్యంలో కొన్ని పసుపురంగు గింజలు.

 ఆ పిల్ల ఏమీ ఎరగదు. "తింటావా?" అని నా దోసిట్లో ఇంత పోసింది. నేను ఏం చెయ్యాలి? ఇది మా జేజిదే అననా? నోరు మూసుకుని తిననా? కొంచెం తిన్నాను. మిగిలింది పిడికిట్లో మూసుకున్నాను. బడి వదిలేదాకా ఆ చెయ్యి విప్పలేదు. పలక కూడా ఎడమ చేత్తోనే తుడిచాను.

ఇంటికి పోయి జేజి ముందు పిడికిలి విప్పాను. చెమటకు గింజలు అరచేతికి అతుక్కుపోయాయి. ఆమె ఒక పసుపు గింజను గోటితో తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది నాదే. యాడిది?"

 దాచకుండా చెప్పేశాను. ఏ పేట పిల్లో, వాళ్ల నాయనకు ఏమైందో, మూట ఎలా విప్పిందో అన్నీ.

"ఆ పిల్ల చేత్తోనే ఇచ్చిందా?"

"ఊ."

"నువ్వు తిన్న్యావా?"

"తిన్న్యా."

కొడుతుందనుకున్నాను. జేజి నన్ను చూసింది, నా చెయ్యి చూసింది, మంచంలో నిద్రపోతున్న కొడుకును చూసింది. గింజ నోట్లో వేసుకుంది. పళ్లు లేవు కాబట్టి చాలాసేపు చప్పరించింది. నా అరచేతిలో ఉన్నవాటిని ఒక్కొక్కటే తీసుకుని అలాగే తినింది. పసుపువీ తినింది, కానివీ తినింది.

అప్పుడు వంటింటి వైపు తిరిగి అమ్మను పిలిచింది.

"మే, ఆ అంబలి ఉంటే ఇంత పొయ్యి. ఉప్పు చూసి ఎయ్యి."